దమ్ము చవక, దగ్గు ప్రియం

ఒకే ఆకు సిగరెట్టుగా, బీడీగా, చుట్టగా, ఖైనీగా, గుట్కాగా అవతారాలెత్తినప్పుడు ఏ అవతారానికి ఎంత దక్షిణ చెల్లించాలో తేల్చడంలో భారతదేశపు పన్నుల వ్యవస్థ కనబరిచిన సూక్ష్మదృష్టి పండితుల పరిశీలనకు అర్హమైనది. సిగరెట్టు మీద ఎక్సైజు సుంకాన్ని, అంటే సరుకు తయారైన చోటనే వసూలు చేసే కేంద్ర పన్నును, పొడవును బట్టి నిర్ణయిస్తారు. 2026 ఫిబ్రవరి 1 నుంచి అమలైన పట్టిక ప్రకారం వెయ్యి సిగరెట్లకు 2,050 రూపాయలతో మొదలయ్యే ఈ సుంకం 65, 70, 75 మిల్లీమీటర్ల మెట్లెక్కి 8,500 రూపాయల దాకా చేరుతుంది. క్యాన్సరు మిల్లీమీటర్లు చూసుకొని వస్తుందని వైద్యశాస్త్రం ఎక్కడా చెప్పకపోయినా, స్కేలు పెట్టి కొలవడానికి ఊపిరితిత్తుల కంటే సిగరెట్టే అనువైనదన్న పాలనాపరమైన సత్యాన్ని కాదనడానికి వీల్లేదు.

బీడీ దగ్గరికి వచ్చేసరికి స్కేలు పోయి కరుణ వస్తుంది. 2025 సెప్టెంబరులో జరిగిన జీఎస్టీ మండలి 56వ సమావేశం సిగరెట్టును, గుట్కాను 40 శాతం శ్రేణికి ఎక్కించి, బీడీని 28 నుంచి 18 శాతానికి, దాన్ని చుట్టే తునికాకును 18 నుంచి 5 శాతానికి దించింది. తునికాకులోంచి గాలి సరిగా ఆడదు కనుక బీడీ వెంటవెంటనే దమ్ము లాగకపోతే ఆరిపోతుంది. అలా లాగినందువల్ల తారు, కార్బన్ మోనాక్సైడు సిగరెట్టును మించి లోపలికి చేరతాయి. తక్కువ డబ్బుకు ఎక్కువ విషం ఇచ్చే సరుకుకు రాయితీ ఇవ్వడం వినియోగదారుల పట్ల ప్రభుత్వానికున్న శ్రద్ధకు నిదర్శనం కాకపోతే మరేమిటి?

2016-17 నాటి ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం రోజూ సిగరెట్టు తాగే భారతీయుడికి నెలకు సగటున 1,192 రూపాయలు ఖర్చయితే, రోజూ బీడీ తాగేవాడికి 284 రూపాయలతో సరిపోయింది. అయితే ఇది బడ్డీ కొట్టు లెక్క మాత్రమే. వైద్యం ఖర్చుతో పాటు జబ్బుపడి, అకాలంగా చనిపోయి పోగొట్టుకున్న సంపాదనను కూడా కలిపితే వచ్చేదాన్ని ఆర్థిక నష్టం అంటారు; బీడీ వల్ల 2017లో ఆ నష్టం 80,550 కోట్ల రూపాయలని పరిశోధకులు అంచనా కట్టగా, 2016-17లో బీడీ మీద వసూలైన ఎక్సైజు సుంకం 417 కోట్లు. రూపాయి రాబడికి నూట తొంభైకి పైగా వదిలించుకునే ఈ వ్యాపారాన్ని ఏ కిరాణా కొట్టు యజమాని చేసినా ఇంట్లోవాళ్లు తాళంచెవులు లాగేసుకునేవారు.

పన్ను పెంచుదామన్న మాట వచ్చినప్పుడల్లా నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల మహిళలు హఠాత్తుగా ఏలినవారి జ్ఞాపకానికి వస్తారు. ఒళ్లో చాట పెట్టుకొని, ఆకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీలకింత అని కూలి తీసుకునే ఆ చేతులు పన్ను రోజున గుర్తుకొచ్చినంతగా కూలి రోజున గుర్తుకు రాకపోవడాన్ని మతిమరుపు అనడం కంటే పొదుపు అనడమే న్యాయం.

నమిలే పొగాకుకు నిషేధమనే మరో ధర ఉంది. ఆహార పదార్థాల్లో పొగాకు కలపరాదన్న 2011 నాటి నిబంధన ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధించగానే, తయారీదారులు పాన్ మసాలాను ఒక పొట్లంలో, పొగాకును మరొక పొట్లంలో పెట్టి, కలుపుకునే శ్రమను కొనేవాడికే అప్పగించి చట్టాన్ని గౌరవించారు. దాచిన చోటు నుంచి సరుకు తీసి ఇచ్చినందుకు కొట్టువాడు పైన వేసుకునేది కూడా ఒక రకమైన పన్నే. ఖజానాకు చేరకపోవడం ఒక్కటే దాని లోపం. ఇక ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను కాలే కొస నోట్లోకి పెట్టుకొని అడ్డపొగ తాగే మహిళలు అంగిలి క్యాన్సరు రూపంలో చెల్లించేది ఏ పట్టికలోనూ నమోదు కాదు.

ధర తెలుసుకొని కొనడం వినియోగదారుడి హక్కు కనుక, గరిష్ఠ చిల్లర ధర కింద ఆసుపత్రి ధరను కూడా అచ్చువేయించాలన్న సూచన సమంజసమే. కానీ 2016 నుంచి ప్యాకెట్టు మీద 85 శాతం చోటు హెచ్చరిక బొమ్మకే పోతున్నది. మిగిలిన 15 శాతంలో సిగరెట్టు ఖరీదైతే ఎలాగో పట్టించవచ్చు గానీ, బీడీ ఖరీదు పట్టదు.