నో బ్లాకర్స్: సటీక తాత్పర్యము

అవతారిక: హైదరాబాదు మాదాపూరునందు రాత్రి 8.30 గంటలకు పెరుగన్నపు పళ్లెమును పక్కకు జరిపియు, అమెరికాలోని డల్లాసు నగరమున అదే క్షణమున ఉదయము 9 గంటలకు కాఫీ కప్పును చేతబట్టియు, ఒకే తెరమీది చిన్నచిన్న గడులలో పదిమంది ఇంజనీర్లు చేరి దినదినమును నిర్వర్తించు స్టాండప్ అను నిత్యకర్మయందు, తన వంతు వచ్చినప్పుడు హైదరాబాదు జట్టులోని యువకుడొకడు మ్యూటు తీసి పలికిన వాక్యమిది. నిలువబడి మాటలాడినచో త్వరగా ముగియునను ఆశతో పెద్దలు పెట్టిన ఆ పేరు, కుర్చీలలో కూలబడినవారికిని రూఢిచే చెల్లుచున్నది.

మూలము: "సేమ్ టికెట్. విల్ కంటిన్యూ. నో బ్లాకర్స్."

మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి, మూలము లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని చెప్పననియు ప్రతిన పూని కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించెను. ఆ ప్రతినలో మొదటి సగమును నేను పాటింతును. వ్యాఖ్యేయము స్టాండప్ గనుక రెండవ సగమునకు పూచీపడజాలను.

ప్రతిపదార్థము: సేమ్ = నిన్నటిదియు, మొన్నటిదియు, గడచిన స్ప్రింటు అను పనివిడతనుండి దొరలివచ్చినదియు నగు; టికెట్ = జీరా బోర్డుపై చీటీరూపమున వ్రేలాడు పని; విల్ కంటిన్యూ = కొనసాగింతును (ముగింతునని చెప్పలేదని గ్రహింపవలయును); నో = లేవు; బ్లాకర్స్ = పనికి అడ్డుపడు విఘ్నములు.

విశేషము: ఈ టికెట్టు మొదట 3 పాయింట్లదని అంచనా వేయబడి, పిమ్మట 5 అయి, ఇప్పుడు 8 అయినది. 1, 2, 3, 5, 8, 13 అను ఈ వరుసను లోకము ఫిబొనాచీ పేరిట పిలుచుచున్నను, మాత్రావృత్తములలో లఘుగురువుల కూర్పులెన్నియని లెక్కించుచు విరహాంకుడును, 12వ శతాబ్దమున హేమచంద్రుడును అతనికి ముందే దీనిని కనుగొనిరి. కావున మనవాడు తన పనిబరువును ఛందశ్శాస్త్రముచేతనే తూచుకొనుచున్నాడు. యతి, అనగా విరామము, మాత్రము వానికి దొరకుటలేదు.

కాలవిచారము: నిన్న ఏమి చేసితివి, నేడేమి చేయుదువు, అడ్డంకులేమి అను మూడు ప్రశ్నలకు 15 నిమిషములలో అందరును సమాధానము చెప్పుట ఈ సభయందు ఆచారము. 2020లో, స్క్రమ్ అను ఈ పనితీరుకు కర్తలైన ష్వేబరు, సదర్లాండులు తమ స్క్రమ్ గైడును సవరించుచు ఆ మూడింటిని తొలగించిరి గాని, శాస్త్రముకంటె రూఢి బలవత్తరము. కావున 'యెస్టర్‌డే', 'టుడే' అను పదములను అధ్యాహారము చేసికొనవలయును. చేసికొన్న వెంటనే చిక్కు పుట్టును. డల్లాసునకు 'నేడు' ఇప్పుడే తెల్లవారినది. హైదరాబాదునకు 'నేడు' భోజనముతోసహా ముగిసినది. ఇక 'విల్' అని మనవాడు చెప్పునది రేపటి మాటయా, లేక శ్రోతల దినమును మన్నించి తాను పగలే చేసినదానిని చేయబోవుదానివలె నటించుటయా యని సందేహము, రెండును ఒప్పును. మార్చి రెండవ ఆదివారమున అమెరికావారు గడియారములను ఒక గంట ముందునకు జరుపుకొనగా సభ మనకు 7.30కు వచ్చును, నవంబరు మొదటి ఆదివారమున మరల 8.30కు పోవును. సూర్యుడు సాక్షిగా మనము కదలలేదు, కదలినది సభయే.

పాఠాంతరములు: "నో బ్లాకర్స్ యాజ్ సచ్" అని కొందరును, "నో బ్లాకర్స్ ఫ్రమ్ మై సైడ్" అని మరికొందరును పఠింతురు. మొదటి పాఠమున 'యాజ్ సచ్' వ్యర్థపదమనుకొనరాదు. అడ్డంకి అనదగినది లేదు గాని అడ్డంకివంటిది కలదని ధ్వని. రెండవదానియందు 'నా వైపునుండి' అనుటచేత, ఉన్నది ఎదుటివైపుననే యని అర్థాపత్తి చేయవలయును; పగలు తినని దేవదత్తుడు బలిసియున్నాడన్నచో రాత్రి తినుచున్నాడని మీమాంసకులు ఊహించునట్లే. మన పాఠము ఈ రెండు తోకలను కత్తిరించుకొన్నది గావున ఇందలి ధ్వని మిక్కిలి గూఢము. అలంకారము అపహ్నుతి. ఒకదానిని కాదని వేరొకదానిని స్థాపింపవలయునుగదా యందురేని, అడ్డంకిని కాదని 'కంటిన్యూ'ను స్థాపించినాడు, చాలదా!

ఆ కప్పబడినదేమో చెప్పెదను. టెస్ట్ సర్వరు తలుపు తెరచు అనుమతి డల్లాసులోని ఒక పెద్దమనిషి చేతిలో నున్నది. మనవాడు సోమవారము పగలు 11 గంటలకు చాట్ సందేశమున అడిగెను. శీతకాలము గనుక అచట అప్పుడు ఆదివారము రాత్రి 11.30. మనకు సోమవారము రాత్రి వచ్చినది జవాబు గాక 'ఏ ఎన్విరాన్‌మెంటు?' అను ఎదురుప్రశ్న. మంగళవారము ఉదయము మనవాడు బదులు వ్రాసెను. మంగళవారము రాత్రి అనుమతియు వచ్చెను, అయితే వేరొక సర్వరునకు. పక్క కుర్చీలోనివాని భుజము తట్టినచో అయిదు నిమిషములలో తేలెడి మాట, బుధవారము రాత్రి మన మూలవాక్యము పుట్టువరకును తేలలేదు.

పూర్వపక్షము: సభలోనే ఆ సంగతి చెప్పవచ్చును గదా?

సిద్ధాంతము: చెప్పలేడు. అడ్డంకి యని పలికిన మరుక్షణము 'ఎవరివలన?' అని ప్రశ్న వచ్చును. క్లయింటు వినుచుండగా ఆ పెద్దమనిషి పేరు పదిమందిలో ఉచ్చరింపవలసియుండును. 2001 ఫిబ్రవరిలో 17 మంది యూటాలోని స్నోబర్డు కొండ విడిదిలో చేరి స్క్రమ్ మొదలగు పద్ధతులకు ఉమ్మడి విలువలు చెప్పు ఎజైల్ ప్రకటనను కూర్చిరి; ముఖాముఖి సంభాషణమే సమాచారమునకు ఉత్తమ మార్గమని దానికి చేర్చిన 12 సూత్రములలో నొకటిగా నిలిపిరి. ఆ ప్రకటనను కూర్చుటకు వారును ఒకచోటికి ప్రయాణము చేసి రావలసివచ్చెను. నోరు దాచినదానిని మొగము చెప్పునను నమ్మకమే ఆ సూత్రమునకు ప్రాణము. సముద్రములు దాటిన సభలో కెమెరాలు మూసికొని మొగములు మాయమైనవి. మొగమాటము మాత్రము మిగిలినది.

కావున పత్రములకంటె పనిచేయు సాఫ్టువేరే మిన్నయను ఆ ప్రకటనలోని విలువను, వ్రాయనక్కరలేదను అనుమతిపత్రముగా దూరదేశపు జట్లు చదువుకొనరాదు. పత్రములకును విలువ కలదని ఆ ప్రకటనయే ఒప్పుకొన్నది. ఆ 17 మందిలో నొకడైన మార్టిన్ ఫౌలరు తన సంస్థ బెంగుళూరు జట్లతో గడించిన అనుభవమును వ్రాయుచు, ఈ కొసనుండి ఆ కొసకు కొన్ని నెలలపాటు మనుష్యులను రాయబారులుగా పంపుమనెను. ఒకసారి కలిసి భోజనము చేసినవానికి 'తప్పు సర్వరిచ్చితివి' అని వ్రాయుటకు జంకు తగ్గుననుట మనకు కొత్త సంగతి కాదు.

తాత్పర్యము: అయ్యా, నాకు కావలసిన సర్వరు వేరు, మీరు తెరచినది వేరు; మీరు మేలుకొనియున్న ఈ గంటలోనే దానిని సరిచేసినచో రేపు పగలు నాకు మిగులును, లేనిచో ఇంకొక దినము పోవును; పదిమందిలో మిమ్ము పేరుపెట్టి అడుగజాలక అడ్డంకులు లేవంటిని.

తనకు కావలసినదేదో అతడు సోమవారపు రాత్రియే, సర్వరు పేరు చేర్చి, ఆ పెద్దమనిషికి విడిగా రెండు పంక్తులు వ్రాసియుండినచో టికెట్టు 3 పాయింట్లకే ముగిసెడిది, ఈ టీకయు అక్కరలేకపోయెడిది.