ఒంటరి యాత్రకు జనం కావలెను

దక్షిణ ధ్రువానికి ఒంటరిగా వెళ్లాలంటే ముందుగా కావలసింది జనం. డబ్బు పెట్టేవాళ్లు కావాలి. విమానం నడిపేవాళ్లు కావాలి. గాలి ఎటు వీస్తోందో చూసి చెప్పేవాళ్లు కావాలి. రోజూ శాటిలైట్ ఫోన్ ఎత్తి ‘ఉన్నావా?’ అని అడిగేవాళ్లు కావాలి. వెళ్లినాయన ‘ఉన్నాను’ అన్న ఒక్క ముక్కను నాలుగు పేరాలకు పెంచి ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లు మరీ కావాలి. ఇందరు పూనుకుంటే గాని ఒక ఒంటరివాడు తయారు కాడు.

ఆ ఒంటరివాడి బతుకులో బాగా రద్దీగా ఉండేది యాత్ర కాదు, యాత్రకు ముందు ఎదురుచూపు. నడుస్తున్నప్పుడు ఫొటో తీసేవాడుండడు, మాట్లాడదామంటే మీసం గడ్డకడుతుంది. బయల్దేరకముందు అలా కాదు. చేతులు ఖాళీ, నోరు ఖాళీ, సిగ్నల్ ఫుల్లు. అందుకే వెళ్లొచ్చినవాళ్ల కంటే వెళ్లబోయేవాళ్లే ఎక్కువ మాట్లాడతారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ ముచ్చటను మా గార్లకు తెచ్చి చూద్దాం. ఎండాకాలం వస్తే కుక్కలు కూడా నీడ వదిలి రాని ఊరు ఇది. ఇక్కడి కుర్రాడొకడు అంటార్కిటికాకు ఒంటరిగా పోతానని ప్రకటించాడనుకోండి. ధ్రువయాత్రకు పోయేవాళ్లు నడుముకు తాడు కట్టుకుని టైర్లు లాగుతూ సాధన చేస్తారు. ఇది నేను కల్పించింది కాదు, లోకమంతా చేసేదే. మనవాడు ట్రాక్టర్ టైరు కట్టుకుని డోర్నకల్ రోడ్డు మీద లాగుతాడు. టైరు ఎటు పోతోందోనని పంక్చర్ షాపు ఆయన వెనకాలే వస్తాడు. చలి అలవాటు కావాలని ఖమ్మం పోయి మిర్చి కోల్డ్ స్టోరేజీలో గంటసేపు కూర్చుంటాడు. చలి సంగతేమో గాని దగ్గు మాత్రం పట్టుకొస్తాడు. ఈలోగా సెంటర్‌లో ఫ్లెక్సీ లేస్తుంది. కింద శుభాకాంక్షలు తెలిపేవారి ఫొటోలు రెండు వరసలు, పైన ఒకవైపు పెంగ్విన్, ఇంకోవైపు తెల్ల ఎలుగుబంటి, నడుమ నల్లకళ్లద్దాలతో మనవాడు. పెంగ్విన్ ఉండేది దక్షిణాన, తెల్ల ఎలుగుబంటి ఉండేది ఉత్తరాన. ఆ రెండూ కలిసేది ఫ్లెక్సీ మీదే.

శాలువాలు కప్పడం అయింది. జెండా ఊపడం అయింది. నెలలు గడిచాయి. టీ కొట్టు దగ్గర పెదనాన్న వరసాయన పట్టుకుంటాడు.

“ఏందిరా, ఇంకా పోలే?”

“గాలి తగ్గాలె పెదనాన్నా.”

“ఈడ ఆకు గూడ కదుల్తలేదు గదరా!”

“ఈడ కాదు, చిలీల.”

చిలీ మాట ఎత్తాక పెదనాన్న మాత్రం ఇంకేం అడుగుతాడు? టీ తాగి లేస్తాడు.

కుర్రాడు కల్పితమే గాని గాలి నిజం. చిలీ దేశానికి దక్షిణపు కొసన పుంటా అరేనాస్ అనే ఊరుంది. అంటార్కిటికాలో నడవబోయేవాళ్లలో చాలామంది నవంబరు వేళకు అక్కడ దిగి విమానం కోసం కాచుకుంటారు. ఏళ్ల తరబడి ఈ పని చేసింది ఇల్యూషిన్-76 అనే రష్యన్ సరుకు విమానం. నాలుగు గంటలకు పైగా ఎగిరి యూనియన్ గ్లేసియర్ అనే చోట దిగాలి. అక్కడ రన్‌వే అంటే నున్నటి నీలి మంచు. దాని మీద చక్రాలు ఆనాక బ్రేకును నమ్ముకుంటే అంతే సంగతులు, ఇంజన్ల తోపుడును ఎదురు తిప్పి ఆపుకోవాలి. అడ్డగాలి గట్టిగా కొడితే దిగడమే కుదరదు. తమాషా ఏమిటంటే, ఆ నీలి మంచు బయటపడి ఉండటానికి కారణమూ గాలే. కొండల మీంచి దూకే గాలి పైనున్న పొడిమంచును ఊడ్చేస్తేనే రన్‌వే తేలుతుంది. అంటే గాలి లేకపోతే రన్‌వే లేదు, గాలి ఉంటే విమానం రాదు. ఆదాయ ధ్రువపత్రం కోసం ఆఫీసు చుట్టూ తిరిగినవాడికి ఈ నియమం కొత్తగా అనిపించదు.

ఆ ఎదురుచూపులో మనిషి ఊరికే కూర్చోడు. హోటల్ గది నిండా తిండి పరుచుకుంటాడు. చాక్లెట్ల కాగితాలు ఊడదీసి, ముక్కలు కొట్టి, ఏ రోజుకారోజు సంచుల్లో కట్టి తూకం వేస్తాడు. లాగాల్సిన బండి బరువు నూట యాభై, నూట డెబ్బై కిలోల దాకా పోతుంది గనుక గ్రాములతోనే యుద్ధం. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసేస్తారు. బట్టల వెనక లేబుళ్లు కత్తిరిస్తారు. ఛాతీ మీద స్పాన్సర్ల ముద్రలు మాత్రం కత్తిరించరు. వాటికి బరువుండదు కాబోలు.

ఇక్కడిదాకా నాకు పేచీ లేదు. గ్రాములు లెక్కపెట్టుకునేవాడు జాగ్రత్తపరుడు. పేచీ ఆ తర్వాతది. వేడినీళ్ల స్నానం చేసి, మెత్తటి పరుపు మీద వాలి, ‘ఈ రోజూ విమానం లేదు, ప్రకృతి ముందు మనిషెంత’ అని లోకానికి ఓర్పు గురించి పాఠం చెప్పడం ఉంది చూశారూ, దానితో పేచీ. రైలు ఆలస్యమైతే మనం రైల్వే ప్లాట్‌ఫారం మీద తువ్వాలు పరుచుకుని పడుకుంటాం. ఆయన పడుకుంటే అది సాహసంలో మొదటి అధ్యాయం.

ఒంటరితనం లెక్కలు కూడా విచిత్రంగానే ఉంటాయి. 1934లో అమెరికా నౌకాదళపు రిచర్డ్ బర్డ్ అంటార్కిటికా శీతకాలాన్ని ఒక గుడిసెలో ఒక్కడే గడపడానికి పూనుకున్నాడు. ఆ గుడిసెనూ సామానునూ ట్రాక్టర్ల మీద మోసుకెళ్లి మంచులో పాతిపెట్టి వచ్చింది ఆయన మనుషులు. పొయ్యి పొగలోని విషవాయువు ఆయన్ని మంచాన పడేసింది. వైర్‌లెస్‌లో ఆయన కొట్టే సందేశాలు తడబడుతుంటే అనుమానం వచ్చి, ఆ చీకట్లో వెతుక్కుంటూ ట్రాక్టర్ వేసుకుని వచ్చి కాపాడిందీ వాళ్లే. పుస్తకం మాత్రం ‘అలోన్’ అనే పేరుతో 1938లో వచ్చింది. మోసినవాళ్లు ముగ్గురైనా ముప్పైమందైనా అట్ట మీద ఒక్కడే.

జపాన్ సాహసి నవోమి ఉయెమురా 1978లో కుక్కల బండి మీద ఒంటరిగా ఉత్తర ధ్రువం చేరాడు. విమానాలు దారి పొడుగునా తిండి దించుతూ పోయాయి. కుక్కలను ఎవరూ లెక్కపెట్టలేదు. మాట నిలబెట్టుకున్నవాడు నార్వే మనిషి ఎర్లింగ్ కాగ్గే. 1993లో దక్షిణ ధ్రువానికి ఒంటరిగా నడిచి చేరిన మొదటివాడు ఆయన. విమానం కంపెనీ రేడియో తీసుకెళ్లక తప్పదంటే తీసుకున్నాడు గాని, దాని బ్యాటరీలు విమానంలోనే వదిలేసి దిగాడు. ఇవాళ అలా చేస్తే స్పాన్సర్లు కోర్టుకు పోతారు.

ఇక 2018. అమెరికా యువకుడు కోలిన్ ఓబ్రేడీ 54 రోజుల్లో సుమారు 1,500 కిలోమీటర్లు నడిచి, అంటార్కిటికాను ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా దాటిన మొదటివాణ్ని నేనేనన్నాడు. అప్పటికి రెండు దశాబ్దాల కిందటే, 1996-97లో, నార్వేకే చెందిన బోర్గే ఔస్‌లాండ్ ఒంటరిగా 2,845 కిలోమీటర్లు దాటి ఉన్నాడు. మరి ఓబ్రేడీ మొదటివాడెలా అయ్యాడు? ఔస్‌లాండ్ కొన్నిచోట్ల గాలి తెర కట్టి జారాడు గనుక ఆయనకు ‘గాలి సాయం’ అందిందట! సముద్రం మీద పరుచుకున్న మంచు పలకలను ఖండంలో కలపనక్కర్లేదు గనుక ఓబ్రేడీ దారి పొట్టిదైనా ఫరవాలేదట! అన్నిటికీ మించి, ధ్రువం దాటాక ఆయన నడిచింది అమెరికా పరిశోధన కేంద్రానికి ట్రాక్టర్లు ఇంధనం మోసే దారి వెంట. చదును చేసిన దారి అది, పక్కన వరసగా జెండాలు పాతి ఉంటాయి. గాలి తోస్తే సాయం, ట్రాక్టర్ దారి వేస్తే సాయం కాదు. 2020లో నేషనల్ జియోగ్రాఫిక్ ఈ ముచ్చటంతా విప్పి చెప్పింది. ఆ గొడవలు పడలేక ధ్రువయాత్రలకు ఒక వర్గీకరణ పద్ధతే తయారుచేసుకున్నారు. ఎవరు ఒంటరి, ఎవరికి తోడు, ఎవరికి గాలి, ఎవరికి రోడ్డు అని.

ఓబ్రేడీ నడిచిన 1,500 కిలోమీటర్లు అబద్ధం కాదు. నాబోటివాడు గార్ల స్టేషన్ నుంచి ఇంటికి నడిచేసరికే ఆటో కోసం చూస్తాడు. నడక గొప్పది. దాని ముందు తగిలించిన విశేషణాలే చవకబారువి. అదే ఖండంలో 2016 జనవరిలో హెన్రీ వోర్స్‌లీ అనే బ్రిటిష్ మాజీ సైనికాధికారి 71 రోజులు ఒంటరిగా నడిచి, ఇంకొద్ది దూరంలో గమ్యం ఉందనగా ఇక వల్లకాదని ఫోన్ చేశాడు. విమానం వచ్చి తీసుకెళ్లింది. పుంటా అరేనాస్ ఆసుపత్రిలో చనిపోయాడు. కనుక ఫోన్ పెట్టుకోవడం, విమానం పిలవడం నామర్దా అని ఎవరూ అనరు. ఉన్న సాయాన్ని ఖాతాలోంచి కొట్టేయడమే నామర్దా.

ఎదురుచూపునూ నేను తప్పు పట్టడం లేదు. అసలు ధ్రువ చరిత్రలో ఓపిక పట్టనివాడికి అయిన శాస్తి ఏమిటో దక్షిణ ధ్రువానికి జట్టు కట్టి పోయిన అముండ్‌సెన్‌ను అడిగితే చెప్తాడు. పోటీగా వచ్చిన స్కాట్ తనకంటే ముందు పోతాడేమోనన్న బెంగతో 1911 సెప్టెంబరు 8నే మరో ఏడుగురితో బయల్దేరాడు. చలి మైనస్ 50 దాటింది. కాళ్లు చెడి, వెనక్కి పరుగు. ఆ పరుగులో ఎవరికి వారయ్యారు. వెనకబడ్డ తోటివాణ్ని బతికించి తెచ్చిన యోహాన్‌సెన్, నాయకుడివి నువ్వు చేసిందేమిటని ముఖం మీదే అడిగాడు. ఆ అడిగినందుకు ధ్రువానికి పోయే జట్టులో చోటు పోగొట్టుకున్నాడు. అక్టోబరులో అయిదుగురు మళ్లీ బయల్దేరి డిసెంబరు 14న ధ్రువం చేరారు. ఆ అయిదుగురూ ఒంటరివాళ్లమని చెప్పుకోలేదు.

మన దేశం సంగతి చూడండి. 1981 డిసెంబరులో గోవా నుంచి ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వాన 21 మంది అంటార్కిటికాకు ఓడెక్కారు. గుట్టుగా వెళ్లారు. 1982 జనవరిలో అక్కడ కాలు పెట్టాక గాని దేశానికి తెలియలేదు. ఫ్లెక్సీ లేదు, జెండా ఊపిన పెద్దమనిషి లేడు. ఇప్పుడక్కడ మైత్రి, భారతి అనే రెండు కేంద్రాలు నడుస్తున్నాయి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కింది. 2019 డిసెంబరులో అంటార్కిటికాలోని విన్సన్ శిఖరమూ ఎక్కింది. భువనగిరి గుట్ట మీద మొదలైన ఆ దారిలో గురుకుల పాఠశాల, శిక్షకులు, తోడు ఎక్కిన ఆనంద్ కుమార్ అందరూ ఉన్నారు. ఆ పేర్లు చెప్పినందుకు ఆ పిల్ల ఘనత గోరంత కూడా తగ్గలేదు.

నిజంగా ఒంటరిగా పోయినవాడు మనకూ ఒకడున్నాడు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో విన్సన్‌తో మొదలుపెట్టి 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ కొండల్లో ఒక్కడే పోయి తిరిగి రాలేదు. ఏప్రిల్‌లో శవం దొరికింది. మనలో చాలామంది ఆయన పేరు విన్నది అప్పుడే. బయల్దేరనివాడికి శాలువా దొరికే చోట, ఏడు శిఖరాలు ఎక్కొచ్చినవాడి పేరు తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఎదురుచూపులో మాకు మాత్రం ఎవరూ సాటి రారు. రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో, అప్పటి మా జిల్లా ఖమ్మంలో ఉక్కు కర్మాగారం సాధ్యమా కాదా అనేది 2014 జూన్ 2 నుంచి ఆరు నెలల్లో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలని రాశారు. పక్క మండలం బయ్యారంలో ఇనుప రాయి ఉంది గనుక మేమంతా ఇక్కడికే వస్తుందని కూర్చున్నాం. 2016లో గార్లా బయ్యారమూ మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారింది గాని ఫ్యాక్టరీ రాలేదు. వానాకాలంలో మా గార్ల దగ్గరి పాకాల ఏరు చెక్‌డ్యాం మీంచి పొంగి రాంపురం, మద్దివంచ వైపు రాకపోకలు ఆగాయన్నది ఏటేటా పేపర్లో చూసిన వార్తే. గట్టు మీద బియ్యం మూటతో, చంకలో పిల్లతో నీళ్లు తగ్గేదాకా నిలబడ్డ తల్లికి శాటిలైట్ ఫోన్ లేదు, స్పాన్సర్ లేడు, విమానం అసలే రాదు. ఏ వర్గీకరణ పద్ధతిలో చూసినా సాయం లేని యాత్ర అదే. ఆమె దాన్ని సాహసం అనదు, బజారుకు పోయొచ్చానంటుంది.

కనుక చదివేవాళ్లకు నా మనవి. గార్ల నుంచైనా గుంటూరు నుంచైనా ఎవరైనా ధ్రువానికి పోతానని వస్తే నవ్వొద్దు. చేతనైనంత చందా ఇవ్వండి, అది లక్షల ఖర్చు. ఎవరెవరు ఎంతెంత ఇచ్చారో, విమానం ఎవరిదో, ఫోన్ ఎత్తేదెవరో ఒక కాగితం మీద రాసి సెంటర్‌లో అంటించమనండి. విమానం ఆలస్యమైతే ఓపిక పట్టమనండి, ఆ ఓపిక గురించి ఉపన్యాసం మాత్రం వద్దనండి. శాలువా బీరువాలోనే ఉండనివ్వండి. పోయొచ్చాక కప్పుదాం.