బొమ్మలో నాయినకు పొట్ట ఎందుకు లేదంటే...

ఆక్లాండ్

అమ్మా, నాయినా,

అమ్మ అడిగినవాటిలో తేలికవి ముందు. మనవరాలు తింటున్నది. స్వెటర్ వేస్తున్నారు. కోడలి దగ్గు తగ్గింది. ఎండలో టోపీ లేకుండా పిల్లలను బయట ఆడనివ్వరు కాబట్టి నల్లబడుతుందన్న బెంగ వద్దు.

ఇక అసలు ప్రశ్న. సిద్దిపేట రైల్లో పక్కన కూర్చున్నావిడ మనవడు ఎల్‌కేజీలోనే వంద దాకా రాస్తున్నాడట. మన పిల్లకు నాలుగేండ్లు నిండినా అ ఆలు లేవు, ఏబీసీడీలు లేవు. వీడియో కాల్‌లో ఎప్పుడు చూసినా మోచేతుల దాకా రంగులే. "బడికి పంపుతున్నరా, సున్నాలేసే పనికా?" అని అమ్మ నిలదీసింది. ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు కనుక మీ పెద్దోడు కాగితం తీశాడు.

అమ్మ తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఇక్కడి బాలబడిలో నియమాలన్నీ పెద్దవాళ్లకే. పిల్లలకు బొమ్మలు గీసే స్టాండ్లు, కాగితాలు, బంకమట్టి ఇస్తారు. ఒక్కో రంగు డబ్బాకు ఒక్కో కుంచె. ఎర్ర కుంచె పసుపులోకి పోకూడదన్నది టీచర్ల ఆశ. పొద్దున తొమ్మిదింటికల్లా అన్ని డబ్బాలూ బురద రంగులోకి వస్తాయి. చిలక బొమ్మ అచ్చేసి ఇచ్చి ఆకుపచ్చ నింపమనరు. "ఏనుగు గీసియ్యి" అని పిల్ల అడిగితే టీచర్ గీయదు. "దాని చెవులెట్లుంటయి? కాళ్లెన్ని?" అని ఎదురు అడుగుతుంది. ఈ లెక్కన ఏనుగు పుట్టేసరికి బువ్వ వేళ అవుతుంది.

పిల్ల బొమ్మ తెచ్చి చూపిస్తే తల్లిదండ్రులు "ఇదేంది?" అనకూడదు. "అబ్బ, ఎంత బాగుందో!" అన్నా తక్కువ మార్కులే. "దీని గురించి చెప్పు" అనాలి. మీ కోడలు రెండు రోజుల్లో నేర్చుకుంది. మీ పెద్దోడి నోటికి మాత్రం "ఇది కుక్కనా?" అనేదే ముందు వస్తుంది.

అంతటితో అయిపోలేదు. పిల్ల ఏం చేసిందో టీచర్ కథలాగా రాసి, ఫొటోలు పెట్టి ఇంటికి పంపుతుంది. మార్కుల కాగితం బదులు ఇదే. వైకాటో విశ్వవిద్యాలయానికి చెందిన మార్గరెట్ కార్ ఈ పద్ధతికి ఊపిరి పోశారు. 2001లో దీని మీద ఆమె పుస్తకం వచ్చింది. పిల్ల చేస్తున్నది గమనించాలి, అందులోని నేర్పును గుర్తించాలి, తర్వాత ఏమందించాలో ఆలోచించాలి. మనమ్మాయి పొద్దంతా నీలం మీద నీలం పూసి కాగితం చింపేసిన రోజున కూడా ఒక పేజీ కథ వచ్చింది. అందులో పిల్ల పట్టుదలను మెచ్చుకున్నారు. కాగితం గురించి ఒక్క మాట లేదు.

వీటన్నిటికీ మూలం ఈ దేశంలో 1996లో వచ్చి, 2017లో సవరించిన 'తే ఫారికి' అనే పాఠ్యప్రణాళిక. అందులో ఐదు పాయలుంటాయి. నాలుగోది భావాలు చెప్పుకోవడం గురించి. అమ్మా, ఇది జాగ్రత్తగా చదువు: బొమ్మలూ అక్షరాలూ రెండూ ఆ పాయలోనే ఉన్నాయి. అక్షరాలను ఎవరూ చెత్తబుట్టలో వేయలేదు. ఇక్కడ ఐదో పుట్టినరోజు ప్రాంతంలో పిల్లలు పెద్దబడికి పోతారు. అప్పుడు రాయనే రాస్తుంది.

ఇదంతా దొరల దేశపు సోకు అనుకుంటారేమో. మన దేశంలో కూడా 2020 విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేండ్ల వయసును ఒకే పునాది దశ అన్నది. 2022లో ఆ దశకు వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటకు, బొమ్మలకు పెద్దపీట వేసింది. అంగన్‌వాడీ టీచరమ్మను అడుగు, చెప్తుంది. రైలావిడకు కూడా చెప్పు, మర్యాదగా.

ఇక నాయిన అలక సంగతి. పిల్ల గీసిన తాత బొమ్మలో పెద్ద గుండ్రటి తల, దాని కిందే రెండు కాళ్లు ఉన్నాయి, పొట్ట లేదు. "గింత పొట్ట కనబడలేదా దానికి?" అని నాయిన చిన్నబుచ్చుకున్నాడట. నాయినా, మూడు నాలుగేండ్ల పిల్లలు ఎన్నో దేశాల్లో మనిషిని ఇట్లానే గీస్తారు. అమెరికాలో రోడా కెల్లాగ్ అనే ఆవిడ పది లక్షలకు పైగా పిల్లల బొమ్మలు పోగేసి చూసింది. వాళ్ల పిచ్చిగీతల్లోనే ఇరవై మూల రూపాలను గుర్తించి, 1969లో పుస్తకం వేసింది. పొట్ట తర్వాత వస్తుంది. వచ్చాక మీరే వద్దంటారు.

అమ్మకు ఒక ఎదురు ప్రశ్న వేద్దామనుకున్నాడు మీ పెద్దోడు: నీకు ముగ్గు ఏ బడిలో నేర్పారు? వాకిట్లో పెద్దోళ్లు వేస్తుంటే చూసి నేర్చావు కదా. చేర్యాల నకాషీ చిత్రకారుల ఇండ్లలో పిల్లలకు కుంచె అబ్బేదీ అట్లానే. కానీ అమ్మ ఊరుకుంటుందా? "చుక్కలు లెక్క తప్పితే ముగ్గు కలవదు బిడ్డా, లెక్క రావాలె" అంటుంది. ఈ ఒక్క చోట అమ్మదే గెలుపు. టీచర్‌కు ఈ మాట చెబితే ఆమె కూడా ఆలోచనలో పడింది. మీరు వచ్చినప్పుడు బడి ముందర ముగ్గు వేయించాలని పట్టుబట్టింది.

ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నాడు. పోయిన వారం పిల్ల 'నాయనమ్మ ఇల్లు' గీసింది. తలుపు లేదు. నిలువుగా ఒక డబ్బా, అందులో అమ్మ ముఖం, మూలకు చిన్న చతురస్రంలో తన ముఖం. టీచర్ "దీని గురించి చెప్పు" అన్నదట. "నాయనమ్మ ఇందుల ఉంటది, ఛార్జింగ్ అయిపోతే పోతది" అన్నదట మన పిల్ల. కథలో టీచర్ ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి పంపింది. మీ కోడలు ఆ పేజీ రెండోసారి చదవలేదు.

కాబట్టి పాస్‌పోర్ట్ పని వాయిదా వేయకండి. మోకాళ్ల నొప్పికి విమానంలో మధ్యమధ్య లేచి నడవొచ్చు. సకినాలు తెస్తే ఇక్కడికి వచ్చేటప్పుడు ఫారంలో రాయాలి. తిండి సామాను దాచి దొరికితే అక్కడికక్కడే నాలుగు వందల డాలర్ల జరిమానా. ముగ్గుపిండి పొట్లం మీద అదేమిటో ఇంగ్లిష్‌లో రాయించండి. తెల్లపొడి చూసి విమానాశ్రయం వాళ్లు అడిగితే నాయినను మాట్లాడనివ్వొద్దు.

ఇట్లు
మీ పెద్దోడు