పుట్టగొడుగులు ఏరేవాళ్లు నమ్మకూడని సలహాలు

తొలకరి పడగానే అడవి పక్క ఊళ్లలో పుట్టగొడుగుల వేట మొదలవుతుంది. ఏళ్ల తరబడి ఏరినవాళ్లకు ఏది కూరకు పనికొస్తుందో చూడగానే తెలుస్తుంది. ఆ అనుభవం లేనివాళ్లు చిట్కాలను నమ్ముకుంటారు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది తేయాకు తోటల కూలీలు. అందుకే ఈ మాటలు ఎవరు చెప్పినా వినకండి.

"ఉడికేటప్పుడు వెండి చెంచా వెయ్యి. నల్లబడకపోతే తినొచ్చు."
కోడిగుడ్డు తగిలినా వెండి నల్లబడుతుంది. కాలేయాన్ని పాడుచేసే అమాటాక్సిన్ తగిలితే మాత్రం నల్లబడదు. వెల్లుల్లి, పసుపు వేసి రంగు మారుతుందేమో చూసే పరీక్షలదీ ఇదే సంగతి.

"పురుగు తిన్నది మనమూ తినొచ్చు."
విషపు పుట్టగొడుగులు తిని కూడా నత్తలు, కొన్ని రకాల ఈగలు హాయిగా బతుకుతాయి. మన కాలేయం తట్టుకోలేదు.

"తెల్లనివి మంచివి, రంగువే విషం."
అమానిటా జాతిలో ప్రాణాంతకమైనవి కొన్ని పాలలా తెల్లగా ఉంటాయి. వానలకు గడ్డిలో మొలిచే క్లోరోఫిల్లమ్ లేతగా ఉన్నప్పుడు తెల్లనిదే. ముదిరాకే గొడుగు కింది రేకులు ఆకుపచ్చగా మారతాయి. అది తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

"పుట్ట మీద మొలిస్తే భయం లేదు."
చెదలు పుట్టలో పెంచే బూజు నుంచి వచ్చే టెర్మిటోమైసిస్ రుచికరమైనదే. దాని కాడ వేరులా పుట్ట లోపలికి దిగి ఉంటుంది. అయితే అదే మట్టిలో వేరే రకాలూ మొలవొచ్చు. కాడ పైకి విరిచేస్తే ఆ వేరు కనిపించదు. అమానిటా అడుగున ఉండే సంచి కూడా మట్టిలోనే ఉండిపోతుంది. మొదలంటా తవ్వి చూడాల్సిందే.

"బాగా ఉడికిస్తే విషం పోతుంది."
అమాటాక్సిన్ ఉడికించినా, ఎండబెట్టినా పోదు.

"రాత్రి తిన్నాం, ఏమీ కాలేదు."
అమాటాక్సిన్ విషం లక్షణాలు బయటపడటానికి 6 నుంచి 24 గంటలు పట్టవచ్చు. తర్వాత వాంతులు తగ్గి మనిషి తేరుకున్నట్టే ఉంటాడు. లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది.


  

అన్ని పుట్టగొడుగులకూ పనికొచ్చే పరీక్ష ఏదీ లేదు. తెలిసినవారి వెంట వెళ్లి ఒక్కో రకాన్నీ లేతగా ఉన్నప్పుడు, ముదిరాక, మొదలుతో సహా చూసి నేర్చుకోవాలి. కొంచెం అనుమానం ఉన్నా అక్కడే వదిలేయండి.

తిన్నాక అనుమానం వస్తే పసరు మందులతో కాలం గడపకండి. ఆ కూర తిన్న అందరూ, బాగానే ఉన్నవాళ్లు కూడా, ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన పచ్చి ముక్కలను కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ఎన్ని గంటలకు తిన్నారో డాక్టరుకు ముందే చెప్పండి. వాంతులు తగ్గాయని ఇంటికి వచ్చేయకండి. డాక్టరు పంపేదాకా అక్కడే ఉండండి.