నా పొట్టలో గ్యాసు

నేను 165 లీటర్ల ఒంటి తలుపు ఫ్రిజ్‌ని. ఒకప్పుడు లేత ఆకుపచ్చ రంగు. 1985 మే నెలలో, రోహిణి కార్తె ఎండల్లో, తెనాలిలో ఒక ఇంటి ముందు నన్ను లారీ మీంచి దించారు. పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి హాల్లో నిలబెట్టారు. వంటింట్లో కాదు, హాల్లోనే. వచ్చినవాళ్లకి కనబడాలి కదా! నెత్తి మీద అల్లిక గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలు, పక్కన స్టెబిలైజరు. సాయంత్రమయ్యేసరికి వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని ఐసు కోసం వచ్చింది. ఆ వీధిలో ఫ్రిజ్ నేనొక్కదాన్నే. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, తర్వాత లండన్‌లో దీంతో పని పడుతుంది.

పెరుగు గిన్నె, దోసెల పిండి, తడిగుడ్డలో చుట్టిన మల్లెమొగ్గలు, ఎదురింటి మాస్టారి ఇన్సులిన్ సీసా, అన్నీ నా దగ్గరే. చల్లదనమంతా నా గొప్పే అనుకునేవారు. అది నా గొప్ప కాదు, పొట్టలోని గ్యాసుది. అడుగున ఉన్న కంప్రెసర్ దాన్ని నొక్కుతుంది. నొక్కుడికి వేడెక్కిన గ్యాసు, వీపు మీది నల్ల జాలీలో ఆ వేడిని వదిలేసి ద్రవమవుతుంది. సన్నటి క్యాపిలరీ గొట్టంలోంచి ఫ్రీజర్‌లోకి దూరి మళ్లీ ఆవిరవుతుంది. ఆవిరవడానికి కావలసిన వేడిని పెరుగు నుంచీ పిండి నుంచీ లాక్కుంటుంది. జరిగేదంతా ఇంతే. నాలో ఉన్నది వంద గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఆ వంద గ్రాముల కోసం దేశాలన్నీ బల్లల చుట్టూ కూర్చోవలసి వచ్చింది.

మెకానిక్కులు దాన్ని ఆర్-12 అంటారు. రసాయనశాస్త్రంలో డైక్లోరోడైఫ్లోరోమీథేన్, సీఎఫ్‌సీల కుటుంబం. మా పూర్వీకుల పొట్టల్లో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ ఉండేవి. లీకయితే ఇంట్లోవాళ్ల ప్రాణాల మీదికి వచ్చేది. 1928లో థామస్ మిడ్‌గ్లీ అనే అమెరికన్, తన సహచరులతో కలిసి, విషం కానిదీ అంటుకోనిదీ అయిన ఈ గ్యాసును పట్టుకొచ్చాడు. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో దాన్ని తన ఊపిరి నిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి వదిలి ఆర్పేసి చూపించాడు. పెట్రోలులో సీసం కలపడం కనిపెట్టిందీ ఆయనే. గాలికి ఇన్ని తిప్పలు మరే ఒక్క మనిషి చేతి మీదుగానూ రాలేదేమో అని నాకు అనిపిస్తుంది. పాపం, ఆయనకు మాత్రం రెండూ వరాలుగానే కనిపించాయి.

ఈ గ్యాసుకున్న మంచి గుణమే దాని దుర్గుణం. దేనితోనూ కలవదు, దేనికీ లొంగదు. వాన కడగలేదు, నేల పీల్చుకోలేదు. గాలిలోకి వదిలితే వందేళ్ల దాకా ఉంటుంది. మెల్లగా పైపైకి చేరి, అక్కడి అతినీలలోహిత కిరణాలకు విరిగి క్లోరిన్‌ను వదులుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు, ఆ కిరణాల నుంచి మనల్ని కాచే ఓజోన్ అణువులను లక్ష దాకా తినేయగలదు. కాలిఫోర్నియాలో షేర్‌వుడ్ రోలండ్, మారియో మొలీనా 1974లోనే ఈ సంగతి లెక్కకట్టి చెప్పారు. గ్యాసు చేసే కంపెనీలు రుజువేదీ అన్నాయి. అమెరికా 1978లో స్ప్రే డబ్బాల్లో వాడకాన్ని చాలావరకు ఆపింది గానీ, ఫ్రిజ్‌ల జోలికి రాలేదు.

రుజువు నేను తెనాలి వచ్చిన నెలలోనే వచ్చింది. అంటార్కిటికాలోని హేలీ బే కేంద్రంలో బ్రిటిష్ వాళ్లు 1950ల నుంచీ డాబ్సన్ స్పెక్ట్రోఫోటోమీటర్ అనే పరికరంతో ఓజోన్‌ను కొలుస్తున్నారు. అక్కడ వసంతకాలమైన అక్టోబరులో ఓజోన్ ఏటికేడాది పడిపోతోందని జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ 1985 మేలో 'నేచర్' పత్రికలో అచ్చువేశారు. పైన ఉపగ్రహాలు తిరుగుతూనే ఉన్నాయి, కానీ ఈ వార్తను లోకానికి ముందు చెప్పింది నేల మీది పాత పెట్టె. పాత యంత్రాన్ని కాబట్టి ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను. అక్కడే ఎందుకు చిల్లు పడిందంటే, ధ్రువాల శీతాకాలంలో మైనస్ 78 డిగ్రీల కిందికి దిగిన ఆకాశంలో మంచు మేఘాలు కడతాయి. వాటి మీద క్లోరిన్ మేలుకుంటుంది. చలి పుట్టించడానికి చేసిన గ్యాసు, లోకంలో అన్నిటికన్నా చలి ఉన్న చోటే తన పని మొదలుపెట్టింది!

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ఇంట్లో పాత పేపర్ల దొంతర నా నెత్తి మీదే. ఇంటి చిన్నబ్బాయి డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకున్నాడు. నీళ్ల సీసా కోసం తలుపు తీసినప్పుడల్లా నిలబడి పైకి చదివేవాడు. తలుపు తెరిచి పెట్టినందుకు వాళ్లమ్మ తిట్టేది.

ఆ 1985లోనే, మార్చిలో, వియన్నాలో ఒక ఒప్పందం కుదిరింది. ఓజోన్‌ను కాపాడుకుందాం, కలిసి పరిశోధిద్దాం అన్నారు తప్ప, ఎవరు ఎంత తగ్గించాలో అంకె ఒక్కటీ లేదు. అంకెలు వచ్చింది 1987 సెప్టెంబరు 16న, మాంట్రియల్‌లో. అప్పటి ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమ అధిపతి, ఈజిప్టు శాస్త్రవేత్త ముస్తఫా తోల్బా, దేశాలను ఒక్కొక్కటిగా బతిమాలీ బెదిరించీ కూర్చోబెట్టాడు. 24 దేశాలు, యూరోపియన్ సమాజం సంతకం పెట్టాయి. శతాబ్దం ముగిసేలోగా సీఎఫ్‌సీలను సగానికి తగ్గిస్తామన్నాయి. ఒప్పందంలో చేరని దేశాలతో ఈ సరుకు వ్యాపారం ఉండదని ఒక మెలిక కూడా పెట్టాయి. ఒట్టి మంచిమాటలకు లొంగే సరుకు కాదని వాళ్లకి తెలుసు.

భారతదేశం సంతకం పెట్టలేదు. చైనా కూడా పెట్టలేదు. ఇక్కడికి వస్తుంది నేను గుర్తుంచుకోమన్న ముక్క. ఓజోన్‌కు చిల్లు పెట్టిన గ్యాసులో సింహభాగం వాడుకున్నది ధనిక దేశాలు. వాళ్లకు ఇంటింటికీ ఫ్రిజ్, కారు కారుకీ ఏసీ. తెనాలిలో ఒక వీధి మొత్తానికి నా ఐసు ట్రే ఒకటి. ఇప్పుడు అందరూ మానేయాలట, మానేసి వాళ్ల కంపెనీలే చేసే ఖరీదైన కొత్త గ్యాసును కొనుక్కోవాలట! 1990 జూన్‌లో లండన్ సమావేశానికి మన బృందాన్ని తీసుకెళ్లిన పర్యావరణ మంత్రి మేనకా గాంధీ పట్టుబట్టింది దీని మీదే. డబ్బు ఇవ్వండి, సాంకేతిక పరిజ్ఞానం ఇవ్వండి, అప్పుడు మానేస్తాం. మొండితనమని విదేశీ పత్రికలు రాశాయని చిన్నబ్బాయి చదివాడు. ఐసు గిన్నెల వరసను రోజూ చూసేదాన్ని, నాకు మాత్రం మొండితనంగా తోచలేదు.

లండన్‌లో బల్ల మీదికి డబ్బు వచ్చింది. మొదటి మూడేళ్లకు 16 కోట్ల డాలర్లు, భారత్, చైనా చేరితే 24 కోట్లకు పెంచుతామని ఒక నిధి పెట్టారు. దాని కార్యనిర్వాహక సంఘంలో 14 దేశాలు, ఇచ్చేవాళ్లు ఏడుగురు, పుచ్చుకునేవాళ్లు ఏడుగురు. పేద దేశాలు తమ వంతు చేయగలగడం ధనిక దేశాలు డబ్బునూ పరిజ్ఞానాన్నీ నిజంగా ఇవ్వడం మీద ఆధారపడుతుందని ఒప్పందంలోనే రాసుకున్నారు. తలసరి వాడకం 0.3 కిలో లోపున్న దేశాలకు పదేళ్ల గడువు మాంట్రియల్‌లోనే ఇచ్చారు. భారత్ 1992 జూన్‌లో చేరింది. ఆ నిధి ఇప్పటికి 400 కోట్ల డాలర్లు దాటింది. మనుషులు ఒక్కసారిగా మంచివాళ్లయిపోయి ఓజోన్‌ను కాపాడారని పాఠాల్లో చెబుతుంటారు, నాకు నవ్వొస్తుంది. ఖర్చెవరిదో తేల్చుకున్నారు కాబట్టి పని జరిగింది. మన దేశంలో సీఎఫ్‌సీ చేసే కర్మాగారాలకు ఉత్పత్తి మానేయడానికి 1999లో 8.2 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు. 2008 ఆగస్టు 1 నుంచి, ఆస్తమా ఇన్‌హేలర్లకు తప్ప, ఆ ఉత్పత్తి ఆగిపోయింది. గడువు 2010 జనవరి, మనం ముందే ముగించాం.

ఆ డబ్బు చుట్టూ తిరిగి మా ఇంటి దాకా ఎలా వచ్చిందో చెబుతాను. 1990ల్లో నా క్యాపిలరీ దగ్గర చిన్న లీకు పడింది. మెకానిక్ వచ్చి, సబ్బు నురగ రాసి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూశాడు. గొట్టం కోశాడు. మిగిలిన గ్యాసంతా బుస్సుమని కిటికీలోంచి పోయింది. అతుకు వేసి, వాక్యూమ్ పట్టి కొత్త గ్యాసు ఎక్కించాడు. ఊరూరా అలాగే చేసేవాళ్లు. ఏళ్ల తర్వాత అదే మెకానిక్ మళ్లీ వచ్చినప్పుడు వెంట ఒక చిన్న యంత్రం, ఖాళీ సిలిండరు తెచ్చాడు.

"అదేంటయ్యా?" అంది అమ్మగారు.

"గ్యాసు లాగి దీంట్లో పెట్టాలమ్మా, బయటికి వదలకూడదంట. ట్రైనింగులో చెప్పారు. ఫ్రీ ట్రైనింగే, సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు."

"వదిలితే ఏమవుద్ది?"

"ఆకాశానికి బొక్క పడుద్దంటమ్మా."

"ఇన్నాళ్లూ నువ్వే కదయ్యా వదిలింది!"

ఇద్దరూ నవ్వుకున్నారు. దేశమంతటా ఇలాంటి చిన్న దుకాణాల మెకానిక్కులకు ఆ నిధి సొమ్ముతోనే శిక్షణ ఇచ్చారు. మాంట్రియల్‌లో, లండన్‌లో ఎంత పెద్ద పేరాలు రాసినా, చివరికి స్పానరు ఇతని చేతిలోనే ఉంది.

నా పని ఆపేసింది కూడా ఆ ఒప్పందమే. 2009లో మళ్లీ లీకయింది. "ఆర్-12 దొరకడంలేదమ్మా, దొరికినా ధర మండిపోతోంది. కొత్తది 134ఏ దీంట్లో పడదు, కంప్రెసర్ ఆయిల్ దానికి సరిపోదు," అన్నాడు. నిజమే. నా కంప్రెసర్ తాగేది ఖనిజ నూనె, ఆ గ్యాసుకు కలిసేది వేరే నూనె. హాల్లోకి కొత్త ఫ్రిజ్ వచ్చింది. నన్ను వెనక వరండాలోకి నెట్టారు. తలుపుకున్న రబ్బరు ఇంకా బిగువుగానే ఉంది కాబట్టి నాలో బియ్యం పోస్తున్నారు. ఎలుకలు దూరవు.

ఆ ఏడాదే సెప్టెంబరు 16న తూర్పు తైమూర్ కూడా చేరడంతో, ఆనాటికి లోకంలోని దేశాలన్నీ సంతకం పెట్టిన ఒప్పందమైంది మాంట్రియల్. నాకు మాత్రం ఆ 134ఏ మీద ఒక కన్నుండేది. దాంట్లో క్లోరిన్ లేదు, ఓజోన్‌కు హాని లేదు, సరే. కానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే అది వెయ్యి రెట్లకు పైగా చెడ్డది. నా ఆర్-12 పదివేల రెట్లు, అది వేరే సంగతి. అందుకని 2016 అక్టోబరు 15న, రువాండాలోని కిగాలీలో రాత్రంతా కూర్చుని, దీని కుటుంబం మొత్తాన్ని తగ్గించాలని రాసుకున్నారు. ధనిక దేశాలు 2019 నుంచి తగ్గించాలి; చైనా లాంటివి 2024 నుంచి, భారత్, పాకిస్తాన్, ఇరాన్, ఇరాక్, గల్ఫ్ దేశాలు 2028 నుంచి పెంచకుండా ఆపి, ఆ తర్వాత తగ్గించాలి. మళ్లీ అదే గడువుల బేరం, అదే నిధి. ఇది పూర్తిగా అమలైతే శతాబ్దం చివరికి అర డిగ్రీ దాకా వేడి తగ్గించవచ్చని లెక్క. ఇప్పుడు ఇంట్లోకి వచ్చిన మూడో ఫ్రిజ్ పొట్టలో ఉన్నది ఐసోబ్యూటేన్, వంటగ్యాసుకు దగ్గర చుట్టం. అంటుకుంటుందని భయపడే కదా మిడ్‌గ్లీ సీఎఫ్‌సీని కనిపెట్టింది! తిరిగి తిరిగి అంటుకునే గ్యాసు దగ్గరికే వచ్చారు, కాకపోతే కొద్ది గ్రాములతో సరిపెడుతున్నారు.

దొంగతనాలూ లేకపోలేదు. 2018లో శాస్త్రవేత్తలు సీఎఫ్‌సీ-11 అనే నా మరో చుట్టం గాలిలో తగ్గాల్సినంత తగ్గడంలేదని పట్టుకున్నారు. కొరియాలోని గోసాన్, జపాన్‌లోని హతేరుమా కేంద్రాల కొలతలు తూర్పు చైనా వైపు వేలు చూపించాయి. చైనా ప్రభుత్వం దాడులు చేసింది, ఆ పైన గాలిలో లెక్క మళ్లీ దిగింది. కొలిచే పెట్టెలు లేకపోతే ఆ సంతకాలతో ఒరిగేదేమీ ఉండేది కాదు. ప్రపంచంలో చాలాచోట్ల ఓజోన్ 2040 ప్రాంతానికి, అంటార్కిటికాలో 2066 ప్రాంతానికి 1980 నాటి స్థాయికి వస్తుందని అంచనా.

ఆ సీఎఫ్‌సీ-11 సంగతి ఎందుకెత్తానంటే, అది నాలో కూడా ఉంది. గొట్టాల్లో కాదు, గోడల్లో. లోపలి ప్లాస్టిక్‌కూ బయటి రేకుకూ మధ్య ఉన్న పసుపురంగు ఫోమును ఉబ్బించడానికి వాడింది ఆ గ్యాసునే. గొట్టాల్లో ఉన్నదాని కన్నా గోడల్లో ఉన్నదే ఎక్కువ. మాంట్రియల్ ఒప్పందం తయారీనీ వాడకాన్నీ ఆపింది గానీ, అప్పటికే ఇళ్లల్లో, గోడౌన్లలో, భవనాల గోడల్లో ఇరుక్కున్న గ్యాసును బయటికి తీసి కాల్చేయాలని దేశాలకు లెక్క పెట్టలేదు. దానికి నిధిలో పెద్దగా చోటు దొరకలేదు.

మొన్న చిన్నబ్బాయి కూతురు వచ్చి, వరండా ఖాళీ చేయాలంది. పాత ఇనుప సామాన్లవాడిని పిలిచారు. అతను వీపు మీద రెండు దెబ్బలు కొట్టి చూశాడు. "రాగి గొట్టం, కంప్రెసర్ తీస్తాం, రేకు కేజీ లెక్క," అన్నాడు.

"ఆ లోపలి ఫోము?"

"దానికేం రేటుంటదమ్మా, చీల్చి పారేస్తాం."

"పారేయడానికి లేదు బాబూ. దాంట్లో గ్యాసుంది. సరిగా తీసేవాళ్లకే ఇస్తాను."

"తీసేదెవరు, దాని ఖర్చెవరిస్తారు?"

ఆ పిల్ల ఫోనులో ఏదో వెతకడం మొదలుపెట్టింది. సామాన్లవాడు బీడీ వెలిగించుకుని గడప మీద కూర్చున్నాడు. బేరం ఇంకా తెగలేదు.