తడి బ్రష్షు సాక్షిగా

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ అలారం గడియారం అక్కర్లేదు. మూడో అంతస్తులో ఏడేళ్ల చింటూ ఉన్నాడు. వాడు పళ్లు తోముకోడు, వాళ్లమ్మ ఊరుకోదు. ఆరుంబావుకి మొదటి కేక వినిపిస్తుంది: "చింటూ, బ్రష్ చేసుకో నాన్నా." అందులో 'నాన్నా' ఉంది కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు, చింటూతో సహా. రెండో కేకలో ఆ 'నాన్నా' ఎగిరిపోతుంది. మూడోదానికి 'ఒరేయ్' తగులుతుంది. అప్పుడు నేను లేచి పాలప్యాకెట్ తెచ్చుకుంటాను. నాలుగోదాంట్లో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు వస్తుంది. ఐదోసారి కేక ఉండదు, వాళ్ల నాన్న పేపరు మడిచిన చప్పుడు మాత్రం వినపడుతుంది. అప్పుడు లేస్తాడు చింటూ.

వాడికి చెవుడు లేదు, మతిమరుపు అసలే లేదు. ఐదోసారి వచ్చేదాకా పెద్దల మాటకి విలువ లేదని ఆ ఇంట్లో అమ్మానాన్నలే పూటపూటా పాఠం చెప్పినట్టు చెప్పారు. వాడు ఒక్క రోజు కూడా నాగా పెట్టకుండా నేర్చుకున్నాడు. "మావాడికి చెప్పందే పళ్లు తోముకోడండీ" అని ఆవిడ లిఫ్టులో వాపోతుంది. చెప్పడం తన అలవాటు, చెప్పించుకోవడం వాడి అలవాటు. రెండూ దివ్యంగా కుదిరాయి. ఆ మధ్యలో పళ్లొక్కటే దిక్కులేనివి.

ఇక తనిఖీ ఘట్టం. నాన్నగారు బాత్‌రూమ్‌లోకి వెళ్లి బ్రష్షు కుచ్చు వేలితో తాకి చూస్తారు. తడిగా ఉంటే తోముకున్నట్టు, పొడిగా ఉంటే అబద్ధం చెప్పినట్టు. ఈ న్యాయశాస్త్రం కనిపెట్టిన మర్నాటి నుంచి చింటూ కుళాయి తిప్పి బ్రష్షు తడిపి పెట్టేస్తున్నాడు. నాన్నగారు తెలివి మీరి "ఏదీ, హా అను" అన్నారు. దానికీ మందు దొరికింది. స్ట్రాబెర్రీ పేస్టు చిటికెడు నాలిక్కి రాసుకుంటే సరి, నోరంతా గుమగుమ. రెండు నిమిషాల పని తప్పించుకోవడానికి ఐదు నిమిషాల శ్రమ పడుతున్నాడు పాపం! ముందు ముందు వాడు ఏ పెద్ద ఆఫీసులోనో హాజరుపట్టీ చూసుకునే ఉద్యోగంలో చేరితే నేనేమీ ఆశ్చర్యపోను.

ఈ విచారణ జరిపే న్యాయమూర్తిని కూడా కాస్త చూడాలి. ఒక చేతిలో పేపరు, ఇంకో చేతిలో కాఫీ గ్లాసు. టైము ఏడు. అయ్యగారు ఇంకా పళ్లు తోముకోలేదు. పాచినోటితో బెడ్ కాఫీ తాగుతూ, కొడుకు పళ్ల మీద తీర్పు రాస్తున్నారు.

మా చిన్నప్పుడు ఇంట్లో ఒకే ఒక్క చట్టం ఉండేది. మొహం కడుక్కోందే మంచినీళ్లు కూడా పుట్టవు. నువ్వు పళ్లు తోముకున్నావా అని మా బామ్మ ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఆవిడకి రాలేదు. వేపపుల్ల నమిలి, తాటాకు బద్దతో నాలుక గీసుకుని, పుక్కిలించి వస్తేనే వంటింటి గుమ్మం దాటనిచ్చేది. లేకపోతే ఎదురుగా చద్దన్నంలో ఆవకాయ కలుపుతున్న వాసన పీల్చుకుంటూ నిలబడాల్సిందే. ఆకలి వేసే ఒక్క కేక ముందు అమ్మ వేసే నాలుగు కేకలు ఏం లెక్క! ఇప్పుడు స్కూలు వ్యాను ఏడుంబావుకే హారన్ కొడుతుంది. సగం నిద్రలో ఉన్న పిల్లాడి నోట్లో ఇడ్లీ ముక్క కుక్కి, ఆ తర్వాత "బ్రష్ చేశావా?" అని అడుగుతాం. ఉన్న గేటు మనమే పీకేసి, కేకలేయడానికి ఒక వాచ్‌మన్‌ని పెట్టుకున్నాం. జీతం లేని ఆ వాచ్‌మన్ ఉద్యోగం ఎప్పుడూ అమ్మదే.

అలాగని పాతకాలాన్ని నెత్తికెత్తుకోవడం లేదు. కచ్చిక బూడిద, బొగ్గుపొడి, ఇటుకపొడి పెట్టి రుద్దీ రుద్దీ పంటి మీది పింగాణీ పొర అరగదీసుకున్న తరం అది. మా తాతయ్య అరవయ్యో ఏట జంతికలు చూసి కన్నీళ్లు పెట్టుకునేవాడు. గుమ్మం దగ్గరి చట్టం మంచిదన్నాను, ఇటుకపొడి మంచిదనలేదు.

ఈ కేకలకు విరుగుడు సంతలో బోలెడంత దొరుకుతోంది. పాట పాడే బ్రష్షు, లైటు వెలిగే బ్రష్షు, బొమ్మ తల ఉన్న బ్రష్షు, ఫోన్‌లో మొసలి పళ్లు తోమే ఆట. గోడకి స్టార్ల చార్టు, వారానికి ఏడు స్టార్లొస్తే చాక్లెట్. పళ్లు తోముకున్నందుకు చాక్లెట్! ఇలాంటి ఆలోచన దంతవైద్యుల సంఘానికి కూడా తట్టి ఉండదు. అన్నీ కొంటాం. రాత్రి రెండు నిమిషాలు పిల్లాడి పక్కన నిలబడడం ఒక్కటి మాత్రం ఏ షాపులోనూ దొరకదు కాబట్టి దాని జోలికి పోం.

టీవీ ప్రకటనలో పేస్టు బ్రష్షు ఈ చివర నుంచి ఆ చివర దాకా అలలా పరుచుకుని, కొసన తోక తిప్పుకుని కూర్చుంటుంది. మూడేళ్ల లోపు వాళ్లకి బియ్యపు గింజంత, ఆరేళ్ల లోపు వాళ్లకి బఠాణీ గింజంత చాలని దంతవైద్యులు ఎంత మొత్తుకున్నా, బఠాణీ లెక్కన వాడితే ట్యూబు ఎప్పటికి అయిపోవాలి, కంపెనీ ఎప్పటికి బాగుపడాలి? ఇక ఫ్లోరైడ్ అన్న మాట వినపడగానే మా వాట్సాప్ బాబాయి నల్లగొండ ఫొటోలు పంపిస్తాడు. నల్లగొండ పల్లెలు ఏళ్ల తరబడి తాగింది లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్లు. అది కడుపులోకి పోయి ఎముకల్ని వంచిన కథ. పేస్టులోని చిటికెడు ఫ్లోరైడ్ పంటికి తగిలి ఉమ్మేస్తే పంటిని కాపాడుతుంది. మింగితేనే తంటా. మన చింటూ దాన్ని నాలిక్కి రాసుకుంటున్న సంగతి బాబాయికి తెలియదు. తెలిస్తే ఇంకో నలభై ఫొటోలు వస్తాయి.

మార్చి 20 ప్రపంచ నోటి ఆరోగ్య దినోత్సవం. ఆ పేరుతో స్కూల్లో పిల్లల్ని థర్మోకోల్‌తో పన్ను చేసి తెమ్మన్నారట. ముందు రోజు రాత్రి పదకొండు దాకా అమ్మ కోసింది, నాన్న అతికించాడు, చింటూ ఐస్‌క్రీమ్ తిని పడుకున్నాడు. రాత్రి తోముకోలేదు, ఆ హడావిడిలో ఎవరికీ గుర్తులేదు. మర్నాడు మొదటి బహుమతి. బహుమతి పట్టుకుని నవ్విన ఫొటోలో రెండు పిప్పిపళ్లు స్పష్టంగా పడ్డాయి.

"పాలపళ్లే కదండీ, ఎలాగూ ఊడిపోతాయి" అన్నారు వాళ్ల నాన్న. వెనకవైపు పాలదవడలు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ఈలోగా వాటితోనే తినాలి, వాటితోనే నొప్పి పడాలి. ఇంకో తమాషా ఏమిటంటే, ఆరేళ్లప్పుడు వాటి వెనకాల చడీచప్పుడు లేకుండా ఒక కొత్త దవడపన్ను దిగుతుంది. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటాం. అది ముసలితనం దాకా ఉండాల్సిన పన్ను. చింటూ బూటు లేసు ఈనాటికీ వాళ్లమ్మే కడుతుంది, వాడికి ముడి చేతకాదని. లేసు కట్టలేని ఆ చేతికే, అద్దంలో కూడా కనపడని ఆ వెనక పన్నుని అప్పజెప్పాం. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమాలి, లేదా పక్కన ఉండి తోమించాలి అని డాక్టరు చెబితే "టైమెక్కడిదండీ" అన్నారు. పాలపంటికి రూట్ కెనాల్ చేసి స్టీలు తొడుగు వేయించడానికి నాలుగు శనివారాలు తిరిగారు. ఆ టైము ఎక్కడిదో మరి.

ఇంతకీ అసలు పూట రాత్రి. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. పగలంతా నోటిని కడుగుతూ ఉండే కాపలా అదే. రాత్రి పాలగ్లాసు తర్వాత పళ్ల సందున మిగిలిన తీపి మీద క్రిములు తెల్లార్లూ పెళ్లి భోజనం చేస్తాయి. పొద్దున నాలుగు కేకలేసి తోమించేది ఆ విస్తరాకులు ఎత్తించడానికే. మన ఇళ్లలో పళ్లు తోముకోవడం పాచి వదిలించుకునే పొద్దుటి ఆచారంగానే మిగిలిపోయింది. రాత్రి తొమ్మిదిన్నరకి నాన్న బ్రష్షు పట్టుకుని నిలబడగా చూసిన పిల్లలు ఎంతమంది? వాళ్లు చూసేది ఫోన్ పట్టుకుని పడుకున్న నాన్ననే. చూసిందే నేర్చుకున్నారు. అదీ ఎవరూ గుర్తు చేయకుండానే.

కాబట్టి అమ్మలకు ఒక నెల సెలవు ఇప్పించండి. ఈ రాత్రి భోజనాలయ్యాక నాన్నలు ముందు తమ బ్రష్షు తీసి, పిల్లల పక్కన అద్దం ముందు నిలబడాలని మనవి. ఉత్తినే తడిపి పెట్టేయకండి. పిల్లలు ఇట్టే పట్టేస్తారు, ఆ విద్యలో వాళ్లు మనకంటే సీనియర్లు.