డబ్ల్యూ5 పంక్తికి టీకా తాత్పర్యం

మూలం:
సెట్_ప్రాపర్టీ ప్యాకేజ్_పిన్ డబ్ల్యూ5 [గెట్_పోర్ట్స్ క్లాక్]

అవతారిక: పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో ఈసీఈ చదివే శిష్యుడొకడు బేసిస్-3 అనే ఎఫ్‌పీజీఏ బోర్డు ముందు కూర్చుని, ఎల్‌ఈడీ మిణుకుమనలేదన్న కోపంతో వెరిలాగ్ కోడంతా చెరిపేయబోగా, దోషం కోడుది కాదు, పోర్టులకు పిన్నులు చెప్పే ఎక్స్‌డీసీ ఫైలుదని ఉపదేశించడానికి ఈ పంక్తి పుట్టిందని ఊహ్యం.

ప్రతిపదార్థం: సెట్_ప్రాపర్టీ = గుణమును అంటగట్టుము; ప్యాకేజ్_పిన్ = చిప్పు మీది చోటు అనెడి గుణమును; డబ్ల్యూ5 = డబ్ల్యూ వరుసలో ఐదవదైన; గెట్_పోర్ట్స్ క్లాక్ = క్లాక్ అను పేరుగల పోర్టును తెచ్చి.

అన్వయం: కుండలీకరణంలోనిది చివర కనిపించినా ముందు దాన్నే అన్వయించుకోవాలి. టీసీఎల్ భాషకు అదే వ్యాకరణం. కోడులో పెద్ద అక్షరంతోనూ ఇక్కడ చిన్న అక్షరంతోనూ పేరు రాస్తే పోర్టు దొరకదు, అన్వయం చెడుతుంది.

విశేషం: ఆంగ్ల అక్షరక్రమంలో డబ్ల్యూ 23వది, ఇక్కడ 19వ వరుస. ఒకటి, సున్న, ఐదులతో పొరబడతారని ఐ, ఓ, క్యూ, ఎస్‌లను వరుసల పేర్లలోంచి తీసేశారు. చిప్పు పొట్ట కింద 236 టంకపు గుళికలుండగా డబ్ల్యూ5 ఏల? అనిన: 100 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ నుంచి వచ్చే రాగి తీగ అక్కడికే చేరింది గనుక.

పూర్వపక్షం: చోటు సాఫ్ట్‌వేరే వెతుక్కోదా?

సిద్ధాంతం: వెతుక్కుంటుంది, చిక్కంతా అదే. కోడులో గేటొకటి చేర్చి మళ్లీ కంపైల్ చేస్తే సిగ్నల్ ఇంకో పిన్నుకు పోవచ్చు. తీగ పోదు. కంభం చెరువు కింద ఏ మడిలో ఏ పైరు వేసినా రైతు ఇష్టం, తూము మాత్రం కట్టలో ఉన్నచోటే ఉంటుంది. ఇలా చోటు చెప్పని పోర్టు కనబడితే ఈ బోర్డుకు వాడే సాఫ్ట్‌వేర్ వివాడో బిట్‌స్ట్రీమ్ ఇవ్వక మొండికేస్తుంది. క్వార్టస్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఒక క్రిటికల్ వార్నింగ్ గొణిగి, తనకు తోచినచోట పెట్టేసి ముందుకు సాగుతుంది. అలా పెట్టిన అవుట్‌పుట్, పక్క చిప్పు అవుట్‌పుట్ ఉన్న తీగ మీద పడితే రెండూ తోసుకుని వేడెక్కుతాయి. నేను మొండివాడి పక్షం.

మతభేదం: మరో రకం చిప్పు అయిన సీపీఎల్‌డీ వారి సంప్రదాయం వేరు. అక్కడ పిన్నుకూ దాని వెనక ఉండే తర్కపు గడి అయిన మాక్రోసెల్‌కూ దగ్గరి ముడి. ముందే అన్ని పిన్నులూ బిగిస్తే డిజైన్‌ను చిప్పులో సర్దే ఫిట్టర్‌కు దారి ఉండదు. కాబట్టి మొదటిసారి దాని ఇష్టానికి వదిలి, అది ఎంచిన చోట్లను ఫైల్లోకి ఎక్కించి, ఆ తర్వాతే బోర్డు గీయమంటారు. క్వార్టస్‌లో ఈ ఎక్కింపును బ్యాక్-యానొటేట్ అంటారు. బిగించాక కోడు పెరిగితే? చోటు చాలక ఫిట్టర్ చేతులెత్తేస్తుంది. పిన్నులు బిగించినా డిజైన్ మార్చుకోవచ్చన్నదే గొప్పగా జైలింక్స్ 1990లలో ఎక్స్‌సీ9500 చిప్పులను అమ్మిందంటే ఈ బాధ ఎంత పాతదో గ్రహించాలి. కొన్ని మాక్రోసెల్స్ ఖాళీగా వదలడం పెద్దల ఆచారం. శిష్యులు పాటించరు.

పాఠాంతరం: ‘నెట్ క్లాక్ ఎల్‌ఓసీ = డబ్ల్యూ5’ అనే తీరు వివాడోకు ముందున్న ఐఎస్‌ఈ కాలపు యూసీఎఫ్ ప్రతులలో కనిపిస్తుంది. అర్థభేదం లేదు గాని, వివాడో ఆ పాఠాన్ని చదవదు.

తరువాతి పంక్తి ఐఓస్టాండర్డ్‌ను, అనగా 3.3 వోల్టుల సంగతిని చెబుతుంది. దానికి వేరే టీక రాయడం లేదు. ఈ పంక్తిని సీనియర్ ఫైలు నుంచి కాపీ కొట్టినవాడు దాన్నీ కొట్టే ఉంటాడు.